పిట్ట ముట్టిన పొద్దు

మా ఆయన మాట్లాడితే నమ్మాలనిపిస్తుంది. కూర్చున్న చోటి నుంచి లేవాలని మాత్రం అనిపించదు. హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. ఊరంతా నాగేందర్ సారు అంటుంది. ఇంట్లో నేనూ సారు అనే అంటాను. దాన్ని ఆయన గౌరవం అనుకుంటారు.

లింగస్వామి మాట్లాడితే ఒక్క ముక్క నమ్మబుద్ధి కాదు. కానీ పొయ్యి మీద పాలు పొంగుతున్నా వింటూ నిలబడిపోతాం.

మొన్నటి చలికాలం, ఎప్పటినుంచో వాయిదా పడుతూ వచ్చిన సర్పంచ్ ఎలక్షన్లు ఎట్టకేలకు ఖాయమైనప్పుడు, ఈ ఇద్దరూ ఒకే మైకు ముందు ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు. వెనక కుర్చీలో పూలదండ వేసిన మా బావ ఫోటో.

బావ అంటే మా ఆయనకు అన్న, బుచ్చయ్య. ఇదివరకు సర్పంచుగా చేశాడు, ఈసారీ ఆయనే అని అందరూ అనుకున్నారు. అప్పటికి నామినేషన్లు మొదలు కాలేదు. స్కూటరు మీంచి పడి ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. ఊళ్లో ఎవరింటికి వస్తున్నా ఆ చెప్పు చప్పుడు ముందొచ్చేది.

ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. కట్టంగూర్ దాటి హైవే దిగితే మా ఊరు. ఊరికీ వాగుకూ నడుమ బావ బత్తాయి తోట. తోట పక్కనుంచి మేకలు వాగుకు పోయే బాట ఉండేది, ఎవరి తాతల కాలం నాటిదో. ఆ వానాకాలం చివర్లో బావ దాన్ని తోటలో కలుపుకొని రాతి కడీలు పాతించి ఇనుప జాలి కట్టించాడు. జానమ్మ మేకలు అప్పటినుంచి హైవే మీదుగా చుట్టూ తిరిగి వాగుకు పోవాల్సి వచ్చింది. ఒకరోజు లారీ కింద పడి మూడు చచ్చిపోయాయి. ఊళ్లో ఎవరూ బావను ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

జానమ్మ ముసలిది, గొల్లవాళ్ల మనిషి. మేకలు తప్ప ఎవరూ లేరు. మా బిడ్డ పుట్టినప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానాలు పోసింది ఆమే. నా పెళ్లి నాటినుంచీ ఈ ఊళ్లో నా చదువును లెక్కచేయని ఒకే ఒక్క మనిషి కాబట్టి నాకు చాలా ఇష్టం.

ఆ రోజు నేను మిద్దె మీద ఉన్నాను. మిగిలిన అన్నం కాకులకు వేయడం నాకు అలవాటు. స్టీలు పళ్లెం మీద గంటెతో కొడితే ఎక్కడెక్కడి కాకులూ వచ్చి పిట్టగోడ మీద వాలతాయి. సారు దీనికి ఏదో శాస్త్రం పేరు చెబుతారు. నేను భోజనం అంటాను.

జానమ్మ రోడ్డు మీద ఒంటరిగా వచ్చింది. పక్కింట్లోనే ఉండే బావ గేటు లోపల నిలబడి ఉన్నాడు. ఆమె వంగి దోసిట్లో మన్ను తీసి గేటు మీదికి పోసింది. మళ్లీ పోసింది. నోరు కదలడం నాకు కనిపించింది. మాట వినిపించలేదు. మా వెనక మడిలో వరికోత మిషన్ నడుస్తోంది, ఆ చప్పుడులో చేతిలోని గంటె చప్పుడే నాకు వినబడటం లేదు. బావ నవ్వి, ఆమె రెక్క పట్టుకుని రోడ్డు దాకా తీసుకుపోయి వదిలేశాడు. ఎదురుగా చాయ్ హోటల్ దగ్గరున్నవాళ్లు కూడా నవ్వారు.

మూడోనాడు పొద్దున బావ బత్తాయి తోటలో డ్రిప్పు పైపు మీద బోర్లా పడి ఉన్నాడు. నకిరేకల్ దవాఖానలో గుండె అన్నారు.

ఊరు ఆ మాట వినిపించుకోలేదు. సాయంత్రానికల్లా హోటల్ దగ్గరున్న ప్రతి ఒక్కరికీ ఆ రోజు జానమ్మ ఏమందో స్పష్టంగా వినిపించిందట. ఒకరికి “నీ నోట్లె మన్ను వడ” అని, ఒకరికి “నీ తోట్లెనే కూలుతవ్” అని, ఇంకొకరికి తెలుగే కాని ఏదో మంత్రం. ఆ మిషన్ చప్పుడులో.

*

దహనం అయిన మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి సంతాప సభ పెట్టారు. అది సంతాప సభే. కానీ బావ జాగాలో ఎవరు నిలబడాలన్నది అక్కడే తేలుతుందని టెంటు కట్టినవాడికి కూడా తెలుసు. సారును నిలబడమని కొందరు ఆయన చెవిలో అప్పటికే చెప్పారు. ఆయనకు పట్టలేదు. ఆయనకు ఒకటే పట్టింది, జానమ్మ మీద పడుతున్న నింద పోగొట్టాలి.

బయల్దేరేముందు నేను మెల్లగా చెప్పాను.

“సారూ, మైకు ముందల జర ఏడ్వున్రి.”

“ఏడుపొస్తే ఏడుస్త. టైం పెట్టుకోని ఏడుస్తరా ఎవలన్న?”

“లింగస్వామి ఏడుస్తడు.”

“ఏడ్వనీ. నాకు కారణాలున్నయి.”

ఆయన ఏడవలేదని కాదు. తెల్లవారుజామున బాత్రూంలో నల్లా విప్పుకుని ఏడ్చారు. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. అది మైకులో వినిపించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు మాకు ఇంగ్లీషులో ఒక పాత విషాద నాటకం ఉండేది. ఒక పెద్దమనిషిని చంపుతారు. శవం ముందు ఇద్దరు మాట్లాడతారు. ఒకాయన కారణాలు చెప్పి దిగిపోతాడు, జనం సరే అంటారు. రెండో ఆయన ఏడిపిస్తాడు, అదే జనం ఊరికి నిప్పు పెట్టడానికి బయల్దేరుతారు. ఎవరి ప్రసంగం గొప్పది, ఎందుకు అని పది మార్కుల ప్రశ్న. ఏడిపించినాయనదే అని పేజీలకు పేజీలు రాశాను. ఏడు మార్కులు వేసి మేడమ్ పక్కన ఎర్ర ఇంకుతో రాశారు: ‘మరి విన్నవాళ్ల సంగతి?’ ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయో నాకు అప్పుడు అర్థం కాలేదు.

సారు ముందు మాట్లాడారు. అన్నకు బీపీ ఉందన్నారు. ఎలక్షన్ తిరుగుడులో గోలీలు మానేశాడన్నారు. గుండె బోరు మోటారు లాంటిది, లోడు ఎక్కువైతే కాలిపోతుందన్నారు. “ఆ మిషన్ చప్పుడుల జానమ్మ ఏమన్నదో ఎవలికి వినబడ్డది? చెయ్యి లేపున్రి” అన్నారు. ఎవరూ లేపలేదు. అందరూ తలలూపారు. మోటార్లు అందరికీ కాలాయి కాబట్టి ఆ పోలిక బాగానే నచ్చింది.

వెనకనుంచి ఒకతను అడిగాడు. “గదంత నిజమే సారూ. మరి మన్ను పోసిన మూడోనాడే ఎందుకు వోయిండు?”

“కాకతాళీయం” అన్నారు సారు.

అంతే, సభ ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆ మాట తెలియనివాళ్లకు అది రోగం పేరులా వినిపించింది. తెలిసినవాళ్లకు జవాబు ఎగ్గొట్టినట్టు వినిపించింది.

తర్వాత లింగస్వామి లేచాడు. బావ వెంట నీడలా తిరిగిన మనిషి, బండి నడిపేవాడు, సంచి మోసేవాడు. మైకు పట్టుకున్నాడు.

“నేను సదువుకున్నోన్ని కాదు. గుండె సంగతి సారుకు తెలుసు. నాకు అన్న నంబరొక్కటే తెలుసు.”

జేబులోంచి ఫోను తీసి నొక్కి మైకు దగ్గర పెట్టాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న నా యారాలు, బావ భార్య లీలమ్మక్క ఒళ్లోంచి, ఒక పసిపిల్ల కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. అక్క అదిరిపడి లేచింది. బావ ఫోను ఆమె చెంగున కట్టి ఉంది. మనవరాలి నవ్వును బావ బిడ్డ శైలజ రింగుటోనుగా పెట్టిచ్చింది. ఆ నవ్వు ఆగదు. ఎత్తేవాళ్లుంటే కదా ఆగడానికి.

“ఎత్తుతడా?” అన్నాడు లింగస్వామి. కళ్లు కారిపోతున్నాయి. “మీరే చెప్పున్రి. ఎత్తుతడా అన్న?”

నటించాడని నేననను. నిజంగానే ఏడ్చాడు. నాకు భయం వేసింది అందుకే.

“ఎవల మీద ఏమంటలేను. రేపు మూడొద్దులు, పొద్దుగాల కాకి పిట్టకు అన్న పేరు మీద బువ్వ పెడుతున్నం. అన్న కడుపుల ఏమున్నదో పిట్టనే చెప్తది. ముడితే మంచిది. ముట్టకుంటే అన్నను ఎవలో మంత్రం పెట్టి కట్టేసిన్రన్నట్టే.”

“ముట్టకుంటే ఆమె ఊళ్లె ఉండొద్దు!” అని ఎవరో అరిచారు. “ఇల్లు గూడ ఉండొద్దు” అని ఇంకెవరో మామూలు గొంతుతో అన్నారు.

నేను మైకు వైపు చూడటం మానేసి జనాన్ని చూశాను. సగం మంది ఆ రోజు హోటల్ దగ్గర నవ్వినవాళ్లే. మేకలు చచ్చినప్పుడు చూసి ఊరుకున్నవాళ్లే. సారు చెప్పిన గుండె వాళ్లందరి రొమ్ములోనూ ఉంది, ఎప్పుడైనా ఆగొచ్చు. అది ఎవరికి కావాలి? జానమ్మ ఒక్కతి. ఆమెను పంపేస్తే అయిపోతుంది. ఎవరు ఏం మాట్లాడినా వాళ్లు వినదలచుకున్నది అప్పటికే వాళ్ల దగ్గర ఉంది. నా మూడు మార్కులు ఆ టెంటు కింద ఉన్నాయి.

*

పొద్దుగూకకముందే నేను జానమ్మ ఇంటికి పోయాను. అప్పటికే ఎవరో తలుపుకు అడ్డంగా తుమ్మకంప వేసి పోయారు. కంపకు అటు ఆమె, ఇటు నేను.

“నన్ను బయటికి రాకుండనా, ఎవలను లోపటికి పోకుండనా బిడ్డా, ఈ కంప?”

“నవ్వుతవేందవ్వా? రేపు పిట్ట ముట్టకుంటే ఏం జేస్తరో ఎరుకేనా?”

“మేకలకు నీళ్లు లేవు. నాకు గదే ఫికరు.”

బిందె తెచ్చి కంప కిందనుంచి తోశాను. చేతులు గీసుకుపోయాయి. ఆమె బిందె లాక్కుంటూ, “నీ గంటె సప్పుడు ఇంటె సాలు, నా మేకల మీద కూసున్న కాకులన్ని లేసి మీ మిద్దె మీదికే వస్తయి. ఏం పెడుతవే వాటికి?” అంది.

ఏం పెడతానో చెప్పలేదు. నా మనసు గంటె దగ్గర ఆగిపోయింది. దారి పొడవునా నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. పిట్ట ముట్టడమే కదా కావాల్సింది.

*

మూడొద్దుల నాడు పొద్దున వాగు ఒడ్డున మంచు. దహనం చేసిన చోట మోదుగు విస్తరి పరిచి బావకు ఇష్టమైనవన్నీ పెట్టారు. మాంసం కూర, గారెలు, ఉడకబెట్టిన గుడ్డు, సీసా, బీడీ కట్ట. వడ్డించే పని నేను అడిగి తీసుకున్నాను. చేతిలో స్టీలు గిన్నె, గంటె.

ఎదురుగా తుమ్మచెట్టు నిండా కాకులు. ఒక్కటీ అరవడం లేదు. కాకులు నోరు మూసుకుని కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఊరంతా ఒకవైపు, అవన్నీ ఒకవైపు.

శైలజ ముందుకొచ్చి చేతులు జోడించింది. “బాపూ, అమ్మను నేను జూసుకుంట. రా బాపూ.”

కాకులు కదల్లేదు.

లింగస్వామి వచ్చాడు. “అన్నా, ఫికర్ జెయ్యకు. నీ జాగల నిలవడి ఊరిని నేను నడుపుత.”

ఒక కాకి లేచింది. అందరూ తలెత్తారు. అది ఇంకో కొమ్మ పైకి పోయి కూర్చుంది.

“జనం దగ్గరుంటే అవి రావు, వెనకకు జరగున్రి” అన్నారు సారు. అందరూ జరిగారు. సబబైన మాట కాబట్టి జరిగారు, కాకులు మాత్రం దిగలేదు. మంచు పలచబడింది. కూర మీద కొవ్వు పేరుకుంది. జనంలో మొదట గుసగుస, తర్వాత గుసగుస కూడా ఆగిపోయింది. కొందరు విస్తరిని చూడటం మానేసి, ఊరి అంచున జానమ్మ ఇల్లున్న వైపు చూడటం మొదలుపెట్టారు.

“ఇంకేం జూసుడు? పాండ్రి” అన్నారెవరో. కర్రలు అప్పటికే తెచ్చుకున్నారని అప్పుడు గమనించాను.

“ఆగున్రి” అన్నాను.

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అందరూ ఆగారు. నేను వాళ్లవైపు చూడలేదు. విస్తరి ముందు కూర్చుని, దాంతోనే మాట్లాడాను.

“బావా, నిన్నెవలు కట్టెయ్యలే. నువ్వు సిగ్గువడుతున్నవ్. బాట మూసిన కాన్నుంచి నీకు బువ్వ సయిస్తలేదు. హైవే మీద మేకలు సచ్చిన్నాడు ఇంటికొచ్చి సగం తిని లేసినవ్. అక్క జూసింది, నేను జూసిన.”

సగం తిని లేచిన మాట నిజమే. ముందురోజు పెళ్లిలో ఎక్కువ తిని అజీర్తి చేసింది. ఆ సంగతి విస్తరికి చెప్పలేదు.

“మమ్ములను సూడనీకె నీకు మొఖం లేదు. మాకు గూడ లేదు. మేమందరం జూసుకుంట నిలవడ్డోళ్లమే.” తర్వాత తలెత్తాను. “అక్కా, నువ్వు జెప్పు. ఆయన తోట ఇప్పుడు నీది. బాట ఇడుస్తవా, ఇడువవా?”

లీలమ్మక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఊరందరి ముందు నేను ఆమెను నిలబెట్టాను. ఆమె విస్తరిని చూసింది, చెట్టును చూసింది. చెంగున కట్టిన ఫోనును గట్టిగా పట్టుకుంది.

“ఇడుస్తనయ్యా” అంది. “కడీలు పీకిపిస్త. జానమ్మ మేకలు మన తోట పక్కనుంచే పోతయి. ఇగ తిను.”

నా లెక్క ప్రకారం ఇప్పుడు గంటె కొట్టాలి. వడ్డిస్తున్నట్టు వంగి గిన్నె అంచు మీద రెండు దెబ్బలు. మిద్దె మీది కాకులు ఆ చెట్టు మీద ఉండకపోవు. గంటె ఎత్తాను.

కొట్టలేదు. కొట్టే అవసరం లేకపోయింది. కాకి విస్తరి పక్కన ఉంది. ఎగిరి రావడం నేను చూడలేదు. నేల మీద నడిచి వస్తోంది, ఎడమ కాలు కొంచెం ఈడ్చుకుంటూ. మాంసం వదిలేసి, గారెలు వదిలేసి, ఒట్టి అన్నం ముక్కున పట్టుకుంది.

“ముట్టింది!” అన్నారు. ఏడుపులు, చప్పట్లు, దండాలు. శైలజ తల్లి మీద పడిపోయింది. కర్రలు మెల్లగా ఎవరి వెనకకు వాళ్లవి పోయాయి. ఎత్తిన గంటె ఎత్తినట్టే నా చేతిలో ఉంది.

*

జానమ్మ తలుపుకు కంప వేసిన పిల్లగాళ్లే ఆ సాయంత్రం కంప తీశారు. కడీలు పీకిందీ వాళ్లే, అంతే ఉత్సాహంగా. లింగస్వామి ప్రతి సభలోనూ ‘సచ్చి గూడ బాట ఇడిసిన అన్న’ అని ఏడ్చి, సర్పంచు అయ్యాడు. బాగానే చేస్తున్నాడు. మా వీధిలో మురుగు మోరీ కూడా కట్టించాడు.

“నువ్వు మాట్లాడినప్పుడు కాకి ఎట్లొచ్చింది?” అని అడిగారు సారు ఆ రాత్రి అన్నం తింటూ.

“గంటె కొట్టిన” అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. అలవాటైన చప్పుడు, ఆకలి, మెదడు అంటూ చాలాసేపు వివరించారు. జరగని దానికి అంత చక్కటి కారణం నేనెప్పుడూ వినలేదు.

“మరి కుంటుకుంట వచ్చింది గద సారూ?”

“కాకులన్ని గట్లనే గెంతుతయి” అన్నారు, పెరుగు కలుపుకుంటూ. కలుపుతున్న చెయ్యి కొంచెంసేపు ఆగింది.

సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరగకముందే ఒక పొద్దున జానమ్మ మేకలను తోలుకుంటూ ఆ బాటన వచ్చింది. ఎదురుపోయాను. మెచ్చుకుంటుందేమోనని, అబద్ధమెందుకు, కొంచెం ఆశ ఉంది.

“అవ్వా, ఆ పొద్దు బాట మాట ఎట్ల అందుకున్ననో చెప్పిన్రా నీకు? ఊరంత సల్లవడ్డది.”

“అందుకునుడేంది? నువ్వు నా మాట ఇంటివి గద” అంది.

“ఏం విన్న?”

“నేను మన్ను వోసుకుంట అన్నది. మిద్దె మీదనే ఉంటివి గద నువ్వు.”

“నాకేం వినబడలే అవ్వా. మిషన్ నడుస్తుండె.”

ఆమె ఆగి నన్ను తేరిపార చూసింది. వెనకబడ్డ మేకపిల్లను కర్రతో ముందుకు నెట్టింది.

“సావుమని అనలే బిడ్డా. ఆయన సావుతోటి నాకేం పని? నా బాట ఇడిసేదాక నీ కూడు పిట్ట ముట్టదు అని అన్న. గంతే” అని మేకల వెంట వాగుకు దిగిపోయింది.

సారుకు ఆ మాట చెప్పలేదు. చెబితే, నేను ఆ రోజు వినే ఉంటాను, విన్నట్టు నాకే తెలియలేదు అంటారు. అదీ నిజమే కావచ్చు. మిద్దె మీద నిలబడి ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. నాకు మిషన్ చప్పుడే వినబడుతుంది, దాని కింద ఒక నోరు కదులుతూ కనబడుతుంది.

సారు మళ్లీ మైకు పట్టలేదు. పొద్దున్నే చాయ్ గ్లాసుతో నాతోపాటు మిద్దె మీదికి వచ్చి కూర్చుంటారు. కడీలు పీకిన గుంటల పక్కనుంచి జానమ్మ మేకలు పోతాయి. చివరి మేక పోయేదాకా ఒక కాకి అక్కడే నిలబడి ఉంటుంది. సారు దాన్ని చూస్తారు. ఏమీ వివరించరు.

నేను పళ్లెం కింద పెట్టి, గంటె చేతిలోకి తీసుకుంటాను. కొట్టకముందే పిట్టగోడ మీద అడుగుల చప్పుడు, ఒకటి తేలిగ్గా, ఒకటి ఈడ్చుకుంటూ.